బిల్లు అడుగున ఖాళీ గీత

అమెరికా వెళ్లి వచ్చిన విలేకరిని ఎవరూ మొదట ఎన్నికల గురించి అడగరు. "తిండికేం చేశావు?" అని అడుగుతారు. 2024 అక్టోబరులో అధ్యక్ష ఎన్నికల వార్తల కోసం మూడు వారాలు ఆ దేశంలో తిరిగి, బిలాస్‌పూర్‌లో మంగ్లాలోని మా ఇంటికి చేరిన రాత్రి అమ్మ అడిగిన ప్రశ్న కూడా అదే. "ఏదో తిన్నానమ్మా" అని తప్పించుకున్నాను. ఆ ఎన్నికల మీద అప్పట్లో నేను రాసిన విశ్లేషణలు ఇప్పుడు నాకే పాతవాసన వేస్తున్నాయి. పర్సు అరలో మిగిలిపోయిన రెస్టారెంటు బిల్లులు మాత్రం ఇంకా కొన్ని ప్రశ్నలు వేస్తూనే ఉన్నాయి. అమ్మకు బాకీపడిన జవాబును ఆ బిల్లులు ముందు పెట్టుకుని ఇప్పుడు రాస్తున్నాను.

ముందుగా ఒక సొంత సంగతి చెప్పుకోవాలి. మా నాన్న రైల్వేలో వంటవారు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల వారు గ్యాంగుమెన్లుగా, ఖలాసీలుగా, ఫిట్టర్లుగా ఖరగ్‌పూర్‌కూ, రాయపూర్‌కూ, బిలాస్‌పూర్‌కూ వలస వచ్చారు. మా తాత అలా వచ్చినవాడే. నాన్న పని రన్నింగ్ రూములో. రైలు నడిపి వచ్చిన డ్రైవర్లు, గార్డులు తిని, నిద్రపోయి, మళ్లీ బండెక్కే విడిది అది. అర్ధరాత్రి రెండింటికి గూడ్సు దిగి వచ్చిన మనిషికి కూడా వేడి అన్నం పెట్టడం ఆయన ఉద్యోగం. తిన్నవారు మెచ్చుకున్నా, మొహం చిట్లించినా ఒకటో తారీఖున జీతం ఒక్కటే వచ్చేది. ఆ జీతంతోనే నేను జర్నలిజంలో పీజీ దాకా చదివాను. కనుక ఎక్కడ తిన్నా ముందు నా చూపు వడ్డించేవారి మీదికి పోతుంది. అది నా వృత్తి నేర్పిన గుణం కాదు, ఇంట్లోంచి వచ్చింది.

ఇక తిండి మాట. నిజాయతీగా చెప్పాలంటే అమెరికా రెస్టారెంట్లలో నన్ను మొదట బెదిరించింది రుచి కాదు, పరిమాణం. ఒక్కరికని తెచ్చిన పళ్లెంలో మన ఇంట ఇద్దరికి సరిపోయేంత ఉంటుంది. రొట్టెలో తీపి, చట్నీలాంటి ప్రతి సాసులోనూ తీపి, చివరికి ఉడికించిన చిక్కుడు గింజల్లోనూ తీపి. చలి మొదలైన అక్టోబరులో కూడా గ్లాసు నిండా మంచుముక్కలు వేసిన నీళ్లు. షికాగోవారు గర్వంగా చెప్పుకునే మందపాటి పిజ్జాలో నేను రెండో ముక్క పూర్తి చేయలేకపోయాను. ఆ జున్ను బరువుకు నా కడుపు ఓటమి ఒప్పుకుంది. వారు బిస్కెట్ అని పిలిచేది మన బిస్కెట్ కాదు, మెత్తని ఉప్పు రొట్టె. దాని మీద తెల్లని మాంసపు గ్రేవీ పోసి ఉదయాన్నే తింటారు. అది చూసినంత చెడ్డగా ఏమీ లేదు.

నచ్చినవీ ఉన్నాయి. దక్షిణాది రాష్ట్రాల్లో మొక్కజొన్న నూకతో వండే గ్రిట్స్‌లో కాస్త వెన్న, ఉప్పు, మిరప సాసు వేసుకుంటే మన సంకటికి దగ్గరి చుట్టంలా అనిపించింది. గుడ్డు ఎలా కావాలో అడిగి, చెప్పినట్టే వేసి తెచ్చే శ్రద్ధ నచ్చింది. కాఫీ చారులా పలచన, కానీ కప్పు ఖాళీ కాకముందే వచ్చి నింపిపోతారు, దానికి మళ్లీ డబ్బు అడగరు. మిగిలినది డబ్బాలో పెట్టి ఇమ్మని అడగడానికి అక్కడ ఎవరూ సిగ్గుపడరు. ఎంగిలి అనే మాట లేని చోట అన్నం వృథా కావడం కొంత తగ్గుతుందని ఒప్పుకోక తప్పలేదు. అన్నిటికన్నా నచ్చింది డైనర్లలో పొడవాటి కౌంటరు. లారీ డ్రైవరు, వకీలు, రాత్రి డ్యూటీ దిగిన నర్సు పక్కపక్కన ఎత్తు స్టూళ్ల మీద కూర్చుని ఒకే వంట తింటారు.

ఆ కౌంటరు ఊరికే అలా తెరుచుకోలేదు. నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరోలో 1960 ఫిబ్రవరి 1న నలుగురు నల్లజాతి విద్యార్థులు వూల్‌వర్త్ దుకాణంలోని భోజనపు కౌంటరు దగ్గర కూర్చుని కాఫీ అడిగారు. అదే దుకాణంలో వారు సబ్బో పుస్తకమో కొనుక్కోవచ్చు, అక్కడ కూర్చుని తినకూడదు. వడ్డించబోమన్నా లేవలేదు. మర్నాడు మరికొందరు వచ్చారు, కొద్ది వారాల్లో దక్షిణాదిలోని ఎన్నో పట్టణాలకు ఆ ఉద్యమం పాకింది. జూలై 25న ఆ కౌంటరు అందరికీ తెరుచుకుంది. 1964 పౌరహక్కుల చట్టం తర్వాత హోటళ్లలో వర్ణవివక్ష చట్టవిరుద్ధమయింది. ఆ భవనం ఇప్పుడు మ్యూజియం. స్వాతంత్ర్యానికి ముందు మన రైల్వే స్టేషన్లలో హిందూ పానీ, ముసల్మాన్ పానీ అని వేరువేరుగా మోసుకొచ్చి పోసేవారని పెద్దల నోట విని పెరిగినవాణ్ణి గనుక, ఆ స్టూళ్ల ముందు చాలాసేపు నిలబడ్డాను.

నా తెలివితక్కువతనం బయటపడింది కూడా ఆ ఊళ్లోనే. మ్యూజియం చూడబోయే ముందు ఒక చిన్న డైనరులో పలహారం చేశాను. పదిహేను డాలర్ల బిల్లు. అడుగున టిప్పు రాయడానికి ఒక ఖాళీ గీత. ఢిల్లీ అలవాటు చొప్పున ఒక డాలరు రాసి, ఉదారంగా ఇచ్చాననే తృప్తితో బయటికి వచ్చాను. నాతో ఉన్న స్థానిక విలేకరి తలుపు దాటాక మెల్లగా అడిగాడు: "ఆమె మీద కోపమెందుకు వచ్చింది?" కోపమేమిటన్నాను. ఈ రాష్ట్రంలో ఆమెకు యజమాని ఇవ్వవలసిన కనీస కూలి గంటకు 2.13 డాలర్లని అతను చెప్పాడు. వెనక్కి వెళ్లి, క్షమించమని చెప్పి అయిదు డాలర్ల నోటు ఇచ్చాను. యాభై దాటిన మనిషి. నవ్వి, "చాలామంది విదేశీయులకు తెలియదు. కంపెనీ ఇచ్చే చెక్కు పన్నులకే సరిపోతుంది. నా ఇల్లు గడిచేది బల్లల మీద దొరికే డబ్బుతోనే" అంది. తర్వాత పక్క బల్ల దగ్గరికి వెళ్లి అదే నవ్వుతో కాఫీ పోసింది. ఆ నవ్వులో ఎంత పాలు స్వభావమో, ఎంత పాలు జీవనాధారమో నేనెలా తేల్చగలను?

2.13 అనే ఆ అంకె కథ తెలుసుకోవాలి. అమెరికాలో ఫెడరల్ కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. అది 2009 జూలై నుంచి మారలేదు. టిప్పులు వచ్చే ఉద్యోగులకు మాత్రం యజమాని 2.13 ఇస్తే చాలు, మిగతాది గిరాకీలు ఇచ్చే టిప్పులతో పూడినట్టు లెక్క. పూడకపోతే తేడా యజమానే ఇవ్వాలని చట్టం చెబుతుంది. కానీ అడిగి తీసుకోవలసింది రేపటి షిఫ్టు ఎవరికివ్వాలో నిర్ణయించే అదే యజమాని నుంచి. ఈ 2.13 అనే రేటు 1991 నుంచి ఉన్నచోటే ఉంది. 1991 అంటే పి.వి. నరసింహారావు ప్రధాని అయిన సంవత్సరం. అప్పటి ధరలను ఒక్కసారి తలుచుకుంటే ఈ అంకె అర్థం పాఠకులకు బోధపడుతుంది.

ఈ పద్ధతి వేళ్లు ఎక్కడున్నాయో నాకు షికాగోలో కనిపించాయి. రైల్వే కుటుంబంలో పుట్టినవాణ్ణి గనుక ఆ నగరపు దక్షిణ భాగంలోని పుల్‌మన్ పేటను చూడకుండా ఉండలేకపోయాను. ఇప్పుడది జాతీయ చారిత్రక ఉద్యానం. పడక రైలుపెట్టెలు తయారుచేసి నడిపిన జార్జ్ పుల్‌మన్, అంతర్యుద్ధం తర్వాత బానిసత్వం నుంచి బయటపడిన నల్లవారిని పోర్టర్లుగా పెట్టుకున్నాడు. పక్కలు వేయడం, బూట్లు తుడవడం, పిలిస్తే పలకడం వారి పని. జీతం అతి స్వల్పం, బతుకు ప్రయాణికుల టిప్పు మీద. వారి పేర్లతో కూడా పని లేదు. బానిసను యజమాని పేరుతో పిలిచినట్టు చాలామంది ప్రయాణికులు ప్రతి పోర్టరునూ "జార్జ్" అనే పిలిచేవారు. 1925లో ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వాన వారు సంఘం పెట్టుకున్నారు. కంపెనీ చేత ఒప్పందం మీద సంతకం చేయించడానికి 1937 దాకా, అంటే పన్నెండేళ్లు పోరాడారు. వారు కోరినవాటిలో ముఖ్యమైనది దయాధర్మం మీద ఆధారపడని జీతం. అదే రాండాల్ఫ్ 1963లో వాషింగ్టన్ మహాప్రదర్శనకు ముందు నిలిచాడు.

మనకొక సామెత ఉంది: వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదు. రాజకీయాలు రాసేవాళ్లం దీన్ని రోజుకోసారి వాడుతుంటాం. ఇందులో అధికారం గరిటె పట్టినవాడిది. అమెరికా బల్ల దగ్గర ఈ సామెత తిరగబడింది. అక్కడ గరిటె పట్టినవాడి ఇంటి అద్దె తినేవాడి ఇష్టం మీద వేలాడుతోంది. నాకు నచ్చనిది అదే. అరగంట కూర్చుని గుడ్లు తినిపోయే అపరిచితుణ్ణి నేను. ఒక మనిషి నెలసరి బతుకును తూచే తక్కెడ నా చేతికెందుకివ్వాలి?

ఇది శ్వేతజాతి యజమానుల సంగతి మాత్రమేనని సంబరపడనక్కరలేదు. షికాగో శివార్లలో మనవారి రెస్టారెంటు ఒకదానికి వెళ్లాను. గోంగూర మాంసం, పప్పుచారు, అప్పడం. మూడు వారాల్లో కడుపు నిండా తిన్న భోజనం అదొక్కటే. వడ్డించిన కుర్రవాడు గుంటూరు యాసలో మాట్లాడాడు. అమ్మకు చూపించాలని పళ్లెం ఫొటో తీయబోతే, "సార్, నేను పడకుండా తీయండి" అన్నాడు. విద్యార్థి వీసా మీద వచ్చినవారు సాధారణంగా విశ్వవిద్యాలయ ప్రాంగణం బయట పనిచేయకూడదు. నేను అడగలేదు, అతను చెప్పలేదు. వెళ్లేటప్పుడు మాత్రం, "టిప్పు కార్డులో కాకుండా చేతికివ్వగలరా సార్?" అని అడిగాడు. ఎందుకో విడమరచి చెప్పనక్కరలేదు. ఫిర్యాదు చేసే దారే లేని మనిషికి చట్టంలో ఎంత కూలి రాసివుంటే మాత్రం ఏం లాభం?

ఇక రాజకీయం. ఈ టిప్పు గీత ఆ ఎన్నికల్లో పెద్ద అంశమైంది. 2024 జూన్‌లో లాస్ వెగాస్ సభలో ట్రంప్ టిప్పుల మీద పన్ను తీసేస్తానన్నారు. హోటలు కార్మికుల ఓట్లు బలంగా ఉన్న నగరమది. ఆగస్టులో అదే నగరంలో కమలా హారిస్ కూడా అదే మాట ఇచ్చారు, దానితో పాటు కనీస వేతనం పెంచాలనీ అన్నారు. అక్టోబరు 20న ట్రంప్ పెన్సిల్వేనియాలో ఒక మెక్‌డొనాల్డ్స్‌లో ఏప్రాన్ కట్టుకుని బంగాళాదుంప వేపుళ్లు పొట్లం కట్టారు. కనీస వేతనం పెంచాలా అని విలేకరులు అడిగితే, ఇక్కడివారు బాగా కష్టపడతారని మెచ్చుకున్నారు తప్ప ప్రశ్నకు సూటిగా జవాబివ్వలేదు. 2025 జూలై 4న సంతకమైన చట్టంతో 2028 వరకు ఏడాదికి 25,000 డాలర్ల దాకా టిప్పుల మీద ఆదాయపు పన్ను మినహాయింపు వచ్చింది. అసలే ఆదాయపు పన్ను కట్టేంత సంపాదన లేనివారికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. 2.13 మాత్రం అలాగే ఉంది. ప్రభుత్వం తన వాటా వదులుకుంది, గిరాకీ తన వాటా ఇస్తూనే ఉన్నాడు. యజమాని వాటా గురించి ఆ చట్టం మాట్లాడలేదు.

మరో దారి లేదనడానికి వీల్లేదు. లాస్ వెగాస్ ఉన్న నెవాడాతో సహా ఏడు రాష్ట్రాల్లో టిప్పు వచ్చినా రాకున్నా రాష్ట్ర కనీస వేతనం మొత్తం ఇవ్వాల్సిందే. నేను వెళ్లేనాటికి నెవాడాలో అది గంటకు 12 డాలర్లు. అక్కడా హోటళ్లు కిటకిటలాడుతున్నాయి, అక్కడా టిప్పులు ఇస్తున్నారు. గుడ్ల ధరలో గ్రీన్స్‌బరోతో నాకు పెద్ద తేడా తెలియలేదు. రెండు బిల్లులు చూసి ఆర్థిక సూత్రం చెప్పడం తగదు, అయితే జీతమిస్తే హోటళ్లు మూతబడతాయనే వాదన మీద నా నమ్మకం మాత్రం సడలింది.

ఎదుటి వాదనను దాచడం న్యాయం కాదు. మసాచుసెట్స్‌లో 2024 నవంబరులో ఇదే ప్రశ్న ఓటర్ల ముందుకు వచ్చింది. టిప్పు ఉద్యోగులకు క్రమంగా పూర్తి కనీస వేతనం ఇవ్వాలనే ప్రతిపాదన భారీ తేడాతో ఓడింది. వ్యతిరేకించినవారిలో వడ్డించేవారూ ఉన్నారు. జీతం పెరిగితే టిప్పు తగ్గుతుందని, ఖరీదైన రెస్టారెంట్లలో తమకిప్పుడొచ్చేదే మెరుగని వారి భయం. శనివారం రాత్రి ఖరీదైన హోటల్లో పనిచేసేవారికి అది నిజమే కావచ్చు. మంగళవారం పొద్దున గ్రీన్స్‌బరో డైనరులో కాఫీ పోసే మనిషికి కాదు. ఒకరి అదృష్టాన్ని చూపి మరొకరి జీతాన్ని ఆపడం సబబనిపించుకోదు.

ఇంతా చెప్పి మన గుమ్మంలోకి చూసుకోకపోతే ఎలా? మా రైల్వే కాలనీలో ఏటా దసరా మామూలుకు ఊడ్చేవారు, ఉత్తరాలు పంచేవారు వచ్చేవారు. నాన్న అయిదో పదో ఇచ్చేవారు. అది జీతం మీద ఏడాదికోసారి ఇచ్చే పండుగ కానుక. జీతానికి బదులుగా ఇచ్చేది కాదు. ఈ తేడా మనకు అప్పుడు తెలుసు, ఇప్పుడు మరిచిపోతున్నాం. హోటళ్లు బిల్లులో తామే సర్వీసు చార్జీ కలపరాదని 2022 జూలైలో వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలిచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. మంచిదే. బిల్లు ఇవ్వకపోతే డబ్బు ఇవ్వనక్కరలేదని 2019లో రైల్వేలు ప్రకటించాయి. అదీ మంచిదే. రెండూ తినేవాణ్ణి కాపాడాయి. వడ్డించేవాడికి ఎంత వస్తోందని ఏ ఉత్తర్వూ అడగలేదు. నాలుగు కార్మిక స్మృతులు 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చాయి. దేశమంతటికీ ఒక కనీస వేతన స్థాయి ఉండాలని వాటిలో ఉంది. ఇన్నాళ్లూ సలహాగా మాత్రమే ఉన్న జాతీయ స్థాయి రోజుకు 176 రూపాయలు, అదీ 2017 నాటిది. గంటకు 2.13 డాలర్లను చూసి ముక్కు మీద వేలేసుకునే ముందు మనం ఈ అంకెను కూడా చదవాలి.

మా ఛత్తీస్‌గఢ్‌లో 2022 మే 1న అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ కార్మికుల గౌరవార్థం అందరూ బోరే బాసీ తినాలని పిలుపునిచ్చారు. మన చద్దన్నమే అది. రాత్రి నీళ్లలో నానబెట్టిన అన్నం, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. మంత్రులు, అధికారులు తింటూ ఫొటోలు దిగారు. ఆ అన్నాన్ని చిన్నచూపు చూసేవారికి అదొక సమాధానమే, కాదనను. ఆ రోజు నేనూ ఆ ఫొటోల మీద రాశాను. కూలి రేటు మాత్రం అడగలేదు. మెక్‌డొనాల్డ్స్‌లో ఏప్రాన్ కట్టిన నాయకుణ్ణి అక్కడి విలేకరులు అడిగిన ఒక్క ప్రశ్న నాకు తట్టలేదు.

కిందటి నెల ఢిల్లీ నుంచి బిలాస్‌పూర్ వస్తూ, ప్యాంట్రీ కారు నుంచి భోజనం తెచ్చిన కుర్రవాణ్ణి జీతమెంత అని అడిగాను. "జీతం లేదు సార్, అమ్మినదాని మీద కమీషన్" అన్నాడు. బండి ఆలస్యమై భోజనాలు పాడైతే? ఆ నష్టం తనదేనన్నాడు. మా నాన్న వండి వడ్డించిన ఇదే రైలు మార్గం మీద, ఇదే రైల్వేలో. ఇరవై ఏళ్లుగా ఈ బళ్లలో తింటున్నాను, బడ్జెట్ల మీద, వేతన సంఘాల మీద పేజీలు నింపాను. ఈ ప్రశ్న అడగడం అదే మొదటిసారి.

ఇంటికి వచ్చి అమ్మతో చెప్పాను. నాన్న పింఛనుతోనే ఆమె ఈనాటికీ ఎవరినీ చేయి చాచకుండా బతుకుతోంది. అంతా విని, "మరి ఆ పిల్లాడికి ముసలితనంలో ఏమొస్తుంది?" అంది. ఈసారి ఏ నాయకుడైనా పేదవాడి పక్కన కూర్చుని తింటూ కెమెరా వైపు చూసినప్పుడు, అమ్మ అడిగిన ఆ ప్రశ్నే అడుగుతాను.